డ్యూటీ దిగితే వస్తుంది

సంపూర్ణమ్మకు గట్టిగా వచ్చిన ఇంగ్లీషు ముక్కలు నాలుగైదుకు మించవు. బస్సు, ఫోను, టాబ్లెట్టు లాంటివి ఊరందరివీ. డ్యూటీ అన్న ముక్క మాత్రం అచ్చంగా తనదనుకునేది. ఇరవయ్యారేళ్ళు ఆ మాటను బట్టే పొయ్యి వెలిగించింది, ఆ మాటను బట్టే అన్నం వార్చింది.

భర్త సాల్మన్ మండపేటలో ఒక రైసుమిల్లులో బాయిలరు దగ్గర ఊక ఎగదోసేవాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "సాల్మన్ ఉన్నాడా?" అంటే, "డ్యూటీకెళ్ళారండి, దిగితే వస్తారు" అనేది. దిగేవాడు, వచ్చేవాడు. కనుబొమల మీద ఊక నుసి తెల్లగా పట్టి, వచ్చీ రాగానే అన్నం అడిగేవాడు. కాలవకు గండి పడి రోడ్డు మునిగిన ఏడాది కూడా సైకిలు భుజాన వేసుకుని మోకాటి లోతు నీళ్ళలో వచ్చాడు. డ్యూటీ ఎక్కినవాడు ఎప్పటికైనా దిగుతాడు, దిగినవాడు ఇంటికి వస్తాడు. సంపూర్ణమ్మకు లోకంలో ఇంత గట్టి సంగతి మరొకటి లేదు. నాలుగేళ్ళ క్రితం అతను పోయింది కూడా డ్యూటీలో కాదు. ఆదివారం గుడి నుంచి వచ్చి, మంచం మీద కాసేపు నడుం వాలుస్తానని వాలి, మళ్ళీ లేవలేదు. అది సెలవు రోజు. అందుకే ఆవిడ ఆ మాట మీద కోపం పెంచుకోలేదు.

వాళ్ళకు పిల్లల్లేరు. ఉన్నదల్లా వరినాట్లు వేసే ఊడ్పుల ముఠా.

మండపేటకు ఆరు మైళ్ళ దూరంలో కాలవ పక్కనున్న ఆ పేటలో సంపూర్ణమ్మ ముఠా మేస్త్రి. అంటే రైతుతో రేటు మాట్లాడేది తనే, తెల్లారుజామున గుమ్మం గుమ్మం తిరిగి ఆడవాళ్ళను లేపేది తనే, మళ్ళోకి దిగాక పాట ఎత్తేదీ తనే. ఆవిడ ఒక ముక్క పాడితే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆవిడ గొంతేం కోయిల గొంతు కాదు, బావి గిలక గొంతు. అయినా ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు వరసగా వంగి వెనక్కి నడుస్తూ నాటుతుంటే, ఆ గొంతు ఎవరికీ ఎబ్బెట్టుగా వినిపించేది కాదు. ఆవిడ ఎడమ పక్క చోటు వీరమ్మది. పెళ్ళయి ఒకే ఏడు ఈ ఊరొచ్చారు ఇద్దరూ. ముప్పై ఏళ్ళుగా వానాకాలం సార్వా ఊడ్పులకూ ఎండాకాలం దాళ్వా ఊడ్పులకూ ఆ చోటు మారలేదు. వంగున్న మనిషి తల తిప్పకుండానే పక్కన ఎవరున్నారో తెలుసుకోగలదని, ఆ తెలియడమే సగం బలమని సంపూర్ణమ్మ నమ్మకం.

ఆ ఇరవై ఇద్దరూ ఏమయ్యారంటే ఏం చెప్పాలి? కొందరు కువైట్ వెళ్ళారు. కొందరిని పొద్దున్నే వ్యాను వచ్చి రొయ్యల కంపెనీకి ఎక్కించుకుపోయింది. ఊడ్పులకు మనుషులు దొరకడం లేదని రైతులు విత్తనాలు వెదజల్లడం మొదలుపెట్టారు. రైతులు వెదజల్లుతున్నారని ఉన్న మనుషులు కూడా వ్యానెక్కారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని తగువు తీర్చేవాడు పుట్టలేదు. చివరికి ముఠాలో అయిదుగురు మిగిలారు. సంపూర్ణమ్మ, వీరమ్మ, ఇద్దరు తోడికోడళ్ళు, ఇంటరు మధ్యలో ఆపేసిన ఆశాజ్యోతి. ఆ పిల్ల సంపూర్ణమ్మను దొడ్డమ్మా అని పిలుస్తుంది, ఫోను సంగతులన్నీ చూసిపెడుతుంది.

ఆ వేసవిలో ఆశాజ్యోతే కబురు మోసుకొచ్చింది. అయిదుగురు ఆడవాళ్ళు గుంపుగా సంతకాలు పెడితే ఊడ్పు మిషను మీద సగానికి పైగా రాయితీ ఇస్తున్నారట. అయిదుగురికి ఒక్కరు తగ్గినా ఇవ్వరట.

"సరిగ్గా మనమెంతమందిమే?" అంది సంపూర్ణమ్మ.

"అయిదుగురం దొడ్డమ్మా."

"చూశావా, దేవుడు లెక్కేసుకునే ఉంచాడు."

మర్నాడు అయిదుగురూ ఉతికిన చీరలు కట్టుకుని మండపేటలో మిషన్ల షోరూముకి వెళ్ళారు. అక్కడ ప్రేమ్ కుమార్ అనే కుర్రాడు సేల్సు చూస్తాడు. మెడలో టై, నోట్లో అండి. ఎర్ర రంగు మిషన్లు వరసగా నాలుగున్నాయి. ట్రేల్లో పెంచిన నారును చాపలా చుట్టి ఎలా పెట్టాలో, వెనక గోళ్ళు నారును ఎలా పట్టి మట్టిలో గుచ్చుతాయో అన్నీ చూపించాడు. మిషను ముందుకు నడుస్తూ నాటుతుందనగానే వీరమ్మ అడ్డం తిరిగింది.

"ముందుకు నడిస్తే నాటిందంతా తొక్కేయదా బాబూ?"

"గోళ్ళు వెనక ఉంటాయి కదండీ. నాటేశాక దాని మీదికి ఎవరూ వెళ్ళరండి."

"ముప్పై ఏళ్ళు వెనక్కి నడిచాం ఒదినా" అంది వీరమ్మ సంపూర్ణమ్మతో. "ఇప్పుడు ముందుకు నడవమంటే కాళ్ళు తడబడతాయేమో."

అందరూ నవ్వారు. వీరమ్మ మిషను హ్యాండిలు పట్టుకుని వదలలేదు. మిషను వస్తే రోజుకు మూడు నాలుగు ఎకరాలు నాటొచ్చు, రైతులు వెదజల్లడం మానేస్తారు, ముఠా ముఠాగానే ఉంటుంది. సంపూర్ణమ్మకు కావలసింది అంతే. ఆ సాయంత్రం బస్సులో ప్రేమ్ కుమార్ ఇచ్చిన కొటేషన్ కాగితాన్ని బైబిల్లో పెట్టుకునే కాగితంలా మడిచి జాకెట్లో పెట్టుకుంది.

జూన్ నెలలో ఫోను వచ్చింది. అప్పుడు ఆవిడ కాలవ రేవులో ఒంటరిగా ఉంది. పక్కన ఆశాజ్యోతి ఉండి ఉంటే కథ వేరే దారి పట్టేది.

"సంపూర్ణమ్మ గారాండీ? ప్రేమ్ కుమార్‌నండి, షోరూము నుంచి. మిషన్ సంగతండి... పైన డ్యూటీ పెంచేశారండి."

"పెంచేశారా?"

"ఆయ్. బాగా పెంచేశారండి. మిషన్లన్నీ అక్కడే ఆగిపోయాయి. డ్యూటీ దిగితేగానీ మీకు చెప్పిన రేటుకి రాదండి."

ఆ చివరి మాటల్లో రేటు అన్నది కాలవ నీళ్ళ హోరులో కొట్టుకుపోయింది. ఆవిడ చెవిన పడింది ఒక్కటే. డ్యూటీ దిగితేగానీ రాదు.

"అయ్యో పాపం" అంది సంపూర్ణమ్మ మనసారా. "పోన్లే బాబూ, దిగాకే రానీ. తొందర పెట్టకండి."

ఆ జవాబు ప్రేమ్ కుమార్‌కు కొత్త. రేటు పెరిగిందని చెప్తే తిట్టినవాళ్ళున్నారు, ఫోను పెట్టేసినవాళ్ళున్నారు, అయ్యో పాపం అన్న మనిషి ఈవిడొక్కతే.

ఆవిడ ఆ సాయంత్రం నలుగురినీ పిలిచి సంగతి చెప్పింది. మిషను ఎక్కడో వేరే ఊళ్ళో పనిలో ఉంది. పని ఎక్కువైందట, డ్యూటీ పెంచారట. సీజన్లో మిల్లులో సాల్మన్‌కి డబల్ డ్యూటీ వేసేవాళ్ళు కాదూ, అలాగన్నమాట. దిగగానే వచ్చేస్తుంది.

"మిషనుకి డ్యూటీ ఏంటి దొడ్డమ్మా?" అంది ఆశాజ్యోతి.

"డ్రైవరుకుంటుంది కదే, మిషనుకుండదా? నాకు చెప్పొస్తున్నావా డ్యూటీ అంటే ఏంటో!"

డ్యూటీ సంగతిలో ఆ ఇంట్లో ఎవరు నోరెత్తగలరు?

ఆ నెలలోనే రొయ్యల కంపెనీ వాళ్ళు మనుషుల కోసం పేటకి వచ్చారు. వీరమ్మకు ఊగిసలాట మొదలైంది. "ఏం చెయ్యమంటావొదినా?" అని మూడుసార్లు అడిగింది. "ఆగవే. డ్యూటీ దిగితే వస్తుంది. ఫోన్లో చెప్పాడు కదా" అని మూడుసార్లూ సంపూర్ణమ్మ ఒకే జవాబు చెప్పింది. వీరమ్మ ఆగింది. వీరమ్మ ఆగిందని మిగతా ముగ్గురూ ఆగారు.

సార్వా ఊడ్పులు వచ్చాయి, పోయాయి. అయిదుగురితో చిన్న చిన్న కమతాలు నాలుగైదు నాటారు. పెద్ద రైతులు వెదజల్లేశారు. పేటలో మిగతా ఇళ్ళకు నెలనెలా జీతాలు వస్తుంటే, ఈ అయిదు ఇళ్ళలో ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని రోడ్డు చూశారు. సంపూర్ణమ్మ రోజూ సాయంత్రం ఆరింటికి కాలవ వంతెన దాకా వెళ్ళి వచ్చేది. పాత అలవాటు. సాల్మన్ సైకిలు ఆ వంతెన మీద కనిపించేది ఆరింటికే. ఇప్పుడు ఎర్ర మిషను ఏ లారీ మీదైనా కనిపిస్తుందేమోనని చూసేది. మిషను కోసమే చూస్తున్నానని తనకు తాను చెప్పుకునేది కూడా.

కార్తీకం దాటింది. దాళ్వా నార్లు పోసే రోజులు వచ్చాయి. ఇంక ఓపిక చాలక ఒకనాడు గొడుగు పుచ్చుకుని ఒక్కతే మండపేట బస్సెక్కింది. ప్రేమ్ కుమార్‌ని కడిగేయాలని దారి పొడవునా మాటలు పేర్చుకుంది.

షోరూములో మిషన్ల వరస లేదు. ఒక మూల ఒకటే ఉంది, దాని మీద గోనె పట్టా కప్పి ఉంది. ప్రేమ్ కుమార్ మెడలో టై కూడా లేదు. ఆవిడను చూసి లేచి, ఫాను తన వైపు నుంచి ఆవిడ వైపు తిప్పాడు.

"ఏ ఊళ్ళో ఉందో చెప్పు బాబూ" అంది కూర్చోకుండానే. "మేమే వెళ్ళి తెచ్చుకుంటాం."

"ఏదండీ?"

"మా మిషను. నేను మిల్లు మనిషి పెళ్ళాన్ని, నాకు తెలీదనుకోకు. అయిదు నెలలు దిగని డ్యూటీ ఎక్కడుంటుంది? గొడ్డుకైనా సాయంత్రం కాడి దించుతారు కదా!"

ప్రేమ్ కుమార్ ముందు తెల్లబోయాడు. తర్వాత సంగతి వెలిగి పకాలున నవ్వాడు. ఆవిడ మొహం చూసి, ఆ నవ్వును సగంలోనే మింగేశాడు.

"కూర్చోండమ్మా" అన్నాడు. అండి పక్కన అమ్మ చేరింది. "ఆ డ్యూటీ వేరు, ఈ డ్యూటీ వేరండి. ఈ మిషన్లు వేరే దేశం నుంచి ఓడ మీద వస్తాయి. ఓడ దిగిన చోట మన గవర్నమెంటు వాళ్ళు పన్ను వేస్తారు. దాన్ని కూడా డ్యూటీ అనే అంటారు. అది పెరిగింది. పెరిగినదంతా రేటు మీదికి వచ్చింది. రాయితీ ఏమో పాత రేటు మీద లెక్క కట్టినంతే ఇస్తారు. మిగతాదంతా కొనేవాళ్ళ నెత్తినే. మీ వాటా అంతకు రెండింతలైంది."

సంపూర్ణమ్మ కూర్చుంది.

"మన దేశంలో చెయ్యరా బాబూ?"

"చేస్తారండి. లోపలి గేర్లు మళ్ళీ అక్కణ్ణుంచే రావాలి. వాటి రేటూ పెరిగిందండి. మే నెలలో కొన్న పెద్ద రైతులు ముగ్గురు బాగుపడ్డారు. ఆ తర్వాత ఒక్క మిషను అమ్మితే ఒట్టు. నన్నైనా ఎన్నాళ్ళుంచుతారో తెలీదు."

"మరి ఆ డ్యూటీ... ఎప్పుడు దిగుతుంది?"

"అది మాకూ తెలీదండి."

ఆ మాటే ఆవిడను కొట్టింది. రేటు రెండింతలైతే అయింది, లేనివాళ్ళకు ఒక్కింతైనా రెండింతలైనా ఒకటే. దిగే వేళంటూ లేని డ్యూటీ ఒకటుందని యాభై నాలుగేళ్ళకు తెలిసింది. తన మాట మీద నలుగురు అయిదు నెలలు గుమ్మాల్లో కూర్చున్నారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బయటికి వచ్చాక మరొకటి తోచి కాళ్ళు ఆగాయి. ఈ సంగతి సాల్మన్‌కు చెబితే గంటసేపు నవ్వేవాడు. మిషను డ్యూటీలో ఉందట, అని మిల్లంతా చెప్పుకుని, వారం పాటు ఏడిపించేవాడు. ఇంతటి వెర్రితనం చేసి, దాన్ని చెప్పుకుని నవ్వడానికి మనిషి లేకపోవడం ఎంత కష్టమో ఆవిడకు ఆ రోడ్డు మీద తెలిసివచ్చింది.

బస్టాండుకు దారి మిల్లు గేటు ముందు నుంచే. అయిదయింది, కూత కూసింది. మనుషులు గేట్లోంచి సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారు, కనుబొమల మీద నుసితో. సంపూర్ణమ్మ ఎదర కిళ్ళీ కొట్టు నీడలో నిలబడి చివరి మనిషి వెళ్ళేదాకా చూసింది. అందరూ దిగారు. వాచ్‌మన్ గేటు మూశాడు.

పేటలో సంగతి చెప్పేసరికి నలుగురూ విరగబడి నవ్వారు. వీరమ్మ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, గుమ్మం పట్టుకుని కూలబడింది. "అయ్య బాబోయ్ ఒదినా, మిషనుకి డబల్ డ్యూటీ వేయించావే!" సంపూర్ణమ్మ కూడా నవ్వింది. అయిదుగురూ అలా కలిసి నవ్వడం అదే ఆఖరు.

నవ్వు ఆగాక వీరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"కంపెనీ వాళ్ళు జూన్లోనే పిలిచారొదినా. నువ్వు ఆగమన్నావని ఆగాను."

"తప్పయిపోయిందే వీరమ్మా."

"నీదేం తప్పు? ఒకే మాటకి రెండు అర్థాలు పెట్టినోళ్ళది." కొంగు దులుపుకుని లేచింది. "సోమవారం వ్యానెక్కుతాను ఒదినా."

సోమవారం నలుగురూ ఎక్కారు. సంపూర్ణమ్మను నువ్వూ రమ్మన్నారు. కానీ కంపెనీ వాళ్ళు నలభై అయిదేళ్ళు దాటితే వద్దంటున్నారు. వీరమ్మ ఆధార్ కార్డులో ఎవడో గుమాస్తా పుణ్యాన ఎనిమిదేళ్ళు తక్కువ పడింది. సంపూర్ణమ్మ కార్డులో వయసు సరిగ్గా ఉంది.

ఆ దాళ్వాలో ఆవిడ ఒక్కతే మళ్ళోకి దిగింది. వెదజల్లిన చేలో మొలక రాని చోట్ల ఖాళీలు పడతాయి. ఒత్తుగా ఉన్న చోట పీకి ఆ ఖాళీల్లో నాటడం ఒక్క మనిషి చేసుకునే పని. వరస ఉండదు, ఎడమ పక్కన మనిషి ఉండదు. ఒకసారి అలవాటు కొద్దీ పాట ఎత్తింది. మొదటి ముక్క అయిపోయాక, మిగతావాళ్ళు అందుకునే చోట ఆగింది. గట్టు మీద కొంగలు రెండు అటు తిరిగి చూశాయి. మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారాలు వీరమ్మ కనిపించేది. మంచులో రొయ్యలు ఒలిచి వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయాయి. నుదుటి మీద టోపీ అంచు గీత పడింది. ఏ షిఫ్టు, బి షిఫ్టు అని కొత్త మాటలు మాట్లాడేది.

"నిలబడి చేసే పని కదొదినా, నడుం నెప్పి పోయింది. నిజం చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇప్పుడు ఆ మిషను వచ్చి గుమ్మంలో నిలబడినా నేను మళ్ళీ మట్టిలోకి దిగలేను."

"ఎందుకనుకుంటానే" అంది సంపూర్ణమ్మ. అనుకోలేదు కూడా. సంతోషించింది. సంతోషిస్తూనే ఆ రోజు అన్నం సయించక పళ్ళెం పక్కన పెట్టేసింది.

మళ్ళీ సార్వా వచ్చింది. తొలకరి పడి, కాలవకు నీళ్ళు వదిలారు. సంపూర్ణమ్మ ఒక చేలో ఖాళీలు నాటుతుండగా గట్టు మీద సంచిలో ఫోను మోగింది. చేతులు బోదె నీళ్ళలో కడుక్కుని, కొంగుకు తుడుచుకుని తీసింది.

"సంపూర్ణమ్మ గారూ, ప్రేమ్ కుమార్‌నండి! గుర్తున్నానాండీ?" గొంతులో హుషారు పొంగిపోతోంది. మెడలో టై మళ్ళీ వచ్చినట్టే ఉంది. "మంచి కబురండి. డ్యూటీ దిగిందండి! మొట్టమొదట మీకే చేస్తున్నాను. మీరు అప్పుడు అంత దూరం వచ్చి... సరే, మిషను పాత రేటుకే వచ్చేస్తుందండి. రాయితీ కూడా ఈ నెలాఖరు దాకా ఉంది. మీ అయిదుగురూ ఒక్కసారి వచ్చి సంతకాలు పెట్టేస్తే చాలండి."

సంపూర్ణమ్మ తల తిప్పకుండానే ఎడమ పక్కకు చెవి పెట్టింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా, వింటున్నారా అండి? అయిదుగురూ ఉన్నారు కదండీ?"

"ఉన్నారు బాబూ" అంది. "నలుగురూ డ్యూటీలో ఉన్నారు."

"పర్లేదండి, రేపో ఎల్లుండో రండి. ఎప్పుడు దిగుతారండీ?"

ఆవిడ కాలవ వంతెన వైపు చూసింది. ఆ ప్రశ్నకు ఇరవయ్యారేళ్ళు తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి.

"అది మాకూ తెలీదండి" అంది.

కుర్రాడికి అండి అనడం ఆవిడకు అదే మొదటిసారి. ఫోను సంచిలో పెట్టి, సంచి మూతి ముడేసి, మళ్ళీ చేలోకి దిగి వంగింది.